సెంట్రింగు విప్పిన రోజు

మణికట్టు దగ్గర చిన్న బెజ్జం.
అందులోంచి సన్నటి తీగ, తీగ కొసన దీపం,
మద్దిలేటి గుండె దాకా వెళ్ళింది.
నేను అద్దానికి ఇవతల
తెర ముందు కూర్చున్నాను,
చల్లారిన కాఫీ పక్కన పెట్టుకుని.
బన్నేరుఘట్ట రోడ్డు మీద వాన.

మూడేళ్ళ కిందట ఇదే బల్ల మీద
ఈ నాళం గోడలు ఒకదాని మీదికొకటి ఒరిగి ఉన్నాయి.
కరిగిపోయే స్టెంటు వేస్తామని డాక్టరు చెబితే
"కరిగిపోయేదానికి అంత దుడ్డా?" అన్నాడు.
"సెంట్రింగు లాంటిది" అన్నాను, నోరు ఊరుకోక.
ఆదోని నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా
ఈ ఊళ్ళో అతను చేసేది ఆ పనేనని
కేసు కాగితంలో అప్పటికింకా చదవలేదు.
నవ్వాడు. చెమటలో, నొప్పిలో, నవ్వాడు.
"అట్లయితే తొందరపడి ఇప్పొద్దండక్కా.
పచ్చి శ్లాబు కింద కర్ర లాగినోనికి
అది నెత్తి మీదనే పడేది."

మొదటి వారాల్లో నాళానికి కోపం.
ఎవరిదీ కొత్త కాపురం అని గోడంతా వాచింది.
తర్వాత లోపలి పొర, పాల మీద మీగడలా,
కణం కణం పాకుతూ వచ్చి
ఒక్కో పుల్లనూ కప్పేసుకుంది.
ఆరో నెల బొమ్మలో ఆ పుల్లలు
నల్లటి చిన్న పెట్టెలు, వరసగా,
ఎవరూ దిగని కొత్త అపార్ట్‌మెంటుకు
రాత్రిపూట కిటికీల్లాగా.
రెండో ఏట వాటి అంచులు చెదిరాయి.
ఇవాళ వెతుకుతున్నాను. వెనక్కి జరిపి మళ్ళీ వెతికాను.
తెల్లటి గోడ. అంతే.
హొంగసంద్రలో మా అద్దింటి కప్పు చూస్తే
విప్పేసిన చెక్కల గీతలు ఇంకా కనిపిస్తాయి.
ఇక్కడ గీత కూడా లేదు.

"యాడికి పాయె?" మైకులో అతని గొంతు.
"మాదైతే ఇప్పినాక ఇంకో ఇంటికి పోతాది."

అదొక పులుపన్నా, అన్నాను.
పెరుగు పులిసినప్పటి పులుపుకు దాయాది.
సిమెంటు బస్తా నాలుగో అంతస్తు ఎక్కించినప్పుడు
నీ తొడల్లో మండేదీ దాని చుట్టమే.
నీ ఒళ్ళు దాన్ని ఎప్పట్నుంచో ఎరుగును.
కొంత నీళ్ళయింది. మిగిలింది ఊపిరయింది.
సిల్కు బోర్డు సిగ్నల్లో విసుక్కుంటూ కొంత,
టీ ఊదుకుంటూ కొంత,
పైనుంచి "రేయ్, జాకీ బిగించు" అని కేకేస్తూ కొంత,
మూడేళ్ళలో మొత్తం వదిలేశావు.

అందరికీ ఇట్లా జరగదు.
శివశంకరప్పగారి బొమ్మ నా దగ్గరుంది.
ఆయన నాళంలో ఒక పుల్ల గోడకు అంటలేదు,
ఏట్లోకి విరిగి వాలిన కొమ్మలా
ప్రవాహంలోకి వేలాడింది.
నెత్తురు దాన్ని తట్టుకుంది, ఆగింది, గడ్డకట్టింది.
ఐదో నెలలో, తెల్లవారుజాము మూడున్నరకు తెచ్చారు.
అప్పుడు డ్యూటీ నాదే.
జాగా లేదు, పాత ఫోల్డర్లు తీసెయ్యమన్నారు మొన్న.
అదొక్కటి తీయలేదు.

డాక్టరు మందు ఎక్కించారు.
ఇనప స్టెంటయితే ఈ చోట గోడ ఉలకదు,
ఎప్పటికీ విప్పని పిండికట్టులో చెయ్యి.
మద్దిలేటి నాళం
ఒక్క క్షణం ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఆగి
విచ్చుకుంది.
చాలా కొద్దిగా. మిల్లీమీటరులో పదో వంతు, ఇంకాస్త.
కొలిచాను. నమ్మక మళ్ళీ కొలిచాను.

తీగ బయటికి తీశాక లోపలికెళ్ళి
తెర అతని వైపు తిప్పాను.
చాలాసేపు చూశాడు,
పక్క సైటులో పని చూసే మేస్త్రీలాగా, కళ్ళు చికిలించి.
అటు కొసన రెండు చుక్కలు, ఇటు కొసన రెండు.
"ఇవేంది?"
గుర్తుకోసం పెట్టిన ప్లాటినం, అది కరగదని చెప్పాను.
"ఊఁ" అన్నాడు.
"పని బాగుండాది.
మేకులు పీకేది మరిచినారు."